నమాజు గుడ్డ మీద నలభై ఎనిమిది చేపలు

ఇరవై రెండేళ్ళ వయసులో నేను ఒక మసీదుని చేపల బజారు చేశాను.

ఈ ముక్క చదివి చెప్పు తీయబోతున్నవారు దయచేసి కాస్త ఆగండి. నేను చేసింది ద్రోహం కాదు, అచ్చమైన భక్తి. తెలిసి చేసే ద్రోహానికి ఒక హద్దు ఉంటుంది గానీ, తెలుసనుకుని చేసే భక్తికి హద్దే ఉండదని ఆ రోజుల్లో నాకు తెలియదు. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు. నాకు కోతైనా బాగుండేది. చేప అయింది. అదీ ఒకటి కాదు, నలభై ఎనిమిది.

మాది బందరు. మచిలీపట్నం అని బస్సు బోర్డు మీద రాస్తారు గానీ, బందరువాళ్ళెవరూ అలా అనరు. బీయే తప్పి ఇంట్లో కూర్చుంటే, మా వీధి చివర అద్దకం షెడ్డు నడిపే రసూలు మావయ్య నన్ను పనిలో పెట్టుకున్నాడు. మావయ్య అంటే చుట్టరికం అనుకునేరు. ఆయన ముసల్మాను, మేం బ్రాహ్మలం. నాకు మాటలొచ్చిన రోజు నుంచీ ఆయన్ని మావయ్యా అనే పిలిచాను, ఆయన నన్ను ‘ఏరా ప్రసాదూ’ అనే పిలిచాడు. నా పనల్లా టేకు చెక్క మీద లతలో పువ్వులో గీయడం. పెడనలో ఒక ఆచారి ఆ గీతల వెంబడి చెక్కి అచ్చు తయారుచేసేవాడు. ఆ అచ్చుని రంగులో ముంచి గుడ్డ మీద అద్దితే అద్దకం. నేను గీసిన మామిడిపిందె ఎక్కడో ఢిల్లీలో ఎవరి మంచం మీదో పరుచుకుంటుందని తెలిశాక, నా కాళ్ళు నేల మీద ఆనడం మానేశాయి.

పైగా ముసల్మానుల గురించి నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. ఎందుకంటే, రంజాను పండగనాడు పొద్దున్నే సేమ్యా పాయసం గిన్నె మా ఇంటికే ముందొచ్చేది. పీర్ల పండక్కి పీర్ల వెనకాల నేను నడవని ఏడాది లేదు. ఉర్దూలో నాకు పదిహేను మాటలు వచ్చు, అందులో పన్నెండు తిండికి సంబంధించినవి. మూడేళ్ళు ఆ షెడ్డులో ఎన్నో నమాజు గుడ్డలు ఆరేశాను, మడిచాను, కట్టలు కట్టాను. ఒక్క గుడ్డ మీదైనా పిట్ట గానీ, లేడి గానీ ఎందుకు లేదని ఒక్కసారైనా అడిగానా? అడగలేదు. తెలిసినవాడు అడుగుతాడా అండీ?

ఉప్పెన వచ్చి ఏడాది దాటింది. రసూలు మావయ్య కూతురికి పురుడని భార్యాభర్తలిద్దరూ గుడివాడ వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ, “చిన్న చిన్న ఆర్డర్లు వస్తే నువ్వే చూసుకో. పెద్దవొస్తే నేనొచ్చేదాకా ఆపు” అన్నాడు. ఆయన బస్సెక్కిన మర్నాడు షెడ్డు గుమ్మంలో ఇద్దరు నిలబడ్డారు. దివిసీమ నుంచి వచ్చారు. సముద్రం పక్కన ఒక పాలెంలో చేపల వేటే బతుకుగా ఉన్నవాళ్ళు. ఆయన నాంచారయ్య, ఆ పాలేనికి పెద్ద. ఆవిడ మస్తానమ్మ, ఆయన భార్య. పేరు చూసి పొరబడకండి, పిల్లలు పుట్టి పోతుంటే వాళ్ళమ్మ దర్గాకి మొక్కుకుని పెట్టుకున్న పేరది. మా వైపు అలాంటి పేర్లు కొల్లలు.

“నమాజు గుడ్డలు కావాల బాబూ” అన్నాడు నాంచారయ్య. “పొడుగ్గా, వరసకొకటి చొప్పున నాలుగు.”

“మీకెందుకండీ?” అన్నాను.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

“మా దగ్గర గట్టి కట్టడం అదొక్కటేనయ్యా, మసీదు. ఆ రోజు నీళ్ళొచ్చేసరికి మెట్లు మునిగిపోయినయ్. మేం దాని పక్క తాటిచెట్లు కరుచుకుని ఉన్నాం. మా వల్ల ఎంతసేపవుద్ది? అప్పుడు ఖాదర్ సాయిబు గోరు, నమాజు చేయించేది ఆయనేలే, మసీదులో గుడ్డలన్నీ ముళ్ళేసి తాడు చేసి డాబా మీంచి వదిలారు. ఒకళ్ళెనక ఒకళ్ళం పట్టుకుని ఎక్కాం. ఇదిగో, ఈవిడ మూడోది. నేను ఆకరోణ్ణి. నేను సగంలో ఉండగా గుడ్డ చిరగడం మొదలెట్టింది.”

“అయ్యో! మరి?”

“చిరిగింది. సాయిబు గోరు డాబా అంచున బోర్లా పడుకుని నా జుట్టు పట్టుకున్నారు.”

“అప్పుడు జుట్టుండేదిలే బాబూ” అంది మస్తానమ్మ, ఆయన బట్టతల వైపు చూస్తూ.

నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. చేతిలో పెన్సిలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రోజూ చేతుల్లో పడే గుడ్డ, చాకిరేవుకి వెళ్ళే గుడ్డ, మనుషుల్ని సముద్రంలోంచి పైకి లాగిందంటే నమ్మబుద్ధి కాలేదు. 

“ఆ గుడ్డలు సముద్రంలో పోయినయ్” అన్నాడు నాంచారయ్య. “ఏడాదై ఆళ్ళు ఈతాకు చాపల మీద నమాజు చేసుకుంటున్నారు. కొత్త వలలు కట్టుకున్నాక మొదటి వేట డబ్బు ఈటికే అనుకున్నాం. పాలెమంతా ఒకటే మాట. అయితే బాబూ, ఆ గుడ్డలెట్టా ఉండాలో మాకు తెలవదు. ఆ రోజు చూసే ఓపికెక్కడిది? నువ్వు సాయిబుల కాడ పనిచేస్తున్నావుగా, నీకు తెలుసుగా?”

పాఠకులారా, నా పతనం ఇక్కడే మొదలైంది. “రసూలు మావయ్య వచ్చాక అడిగి చెబుతాను” అని ఒక్క మాట అంటే ఈ కథే లేదు. నేనేమన్నానంటే, “నాకు తెలియకపోవడమేంటండీ! మీరు నిశ్చింతగా వెళ్ళండి. చూసినవాళ్ళకి నోట మాట రాకూడదు, అలా చేసిపెడతాను” అన్నాను. ఆ ఒక్కటి మాత్రం అక్షరాలా నిజమైంది.

ఆలోచించాను. ఇంత గొప్ప కథకి ఉత్త లతలూ పువ్వులూ సరిపోతాయా? ఇచ్చేవాళ్ళెవరో ఆ గుడ్డ చెప్పొద్దూ? చేప ఉండాలి! గుడ్డ పొడవునా మసీదు గుమ్మాల్లాంటి కమానులు, మనిషికొకటి. ప్రతి కమానులో ఒక చేప. ఎక్కడ పెట్టాలి? మర్యాదైన చోట పెట్టాలి. నమాజులో నుదురు నేలకి ఆనే చోటు కంటే మర్యాదైన చోటేముంది? సరిగ్గా అక్కడ పెట్టాను.

పుట్టి బుద్ధెరిగి నేను చేప ముట్టినవాణ్ణి కాను. అందుకని చేపల బజారుకి వెళ్ళి, ముక్కుకి రుమాలు కట్టుకుని, ఒక పెద్ద పండుగప్ప ఎదురుగా గంటసేపు కూర్చుని గీసుకున్నాను. అమ్మే ఆవిడ, “కొంటావా, పెళ్ళి చూపులా?” అని అడిగింది. పొలుసులు అద్భుతంగా వచ్చాయి. కన్ను మరీ బోసిగా ఉందనిపించి, నా సొంత కల్పనతో పైనా కిందా రెప్పలు కూడా పెట్టాను.

షెడ్డులో పనివాళ్ళని దగ్గరికి రానివ్వలేదు. భక్తితో చేసే పని కదా, వెనక గదిలో తలుపేసుకుని నేనే అద్దాను. గుడ్డలు ఉడకేసేటప్పుడు మాత్రం వాళ్ళ కంటపడ్డాయి.

“చేపల ఆర్డరా?” అన్నాడొకడు.

“సముద్రం పక్కవాళ్ళది” అన్నాను. అబద్ధమైతే కాదు కదా!

గుడ్డలు ఇవ్వడానికి నేనే స్వయంగా వెళ్ళాను. చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కణ్ణించి ఇంకో బస్సు, ఆ తరవాత ఎడ్లబండి. మసీదు ముందు పాలెమంతా పోగైంది. ఒక పక్క ముసల్మానులు, ఒక పక్క పాలెంవాళ్ళు. మధ్యలో ఖాదర్ సాయిబు గారు. ఉప్పెనలో నలభై మందిని లాగిన మనిషంటే తాటిచెట్టంత ఉంటాడనుకున్నాను. నా భుజానికొస్తాడు. సన్నగా, తెల్లటి గడ్డంతో, గాలేస్తే ఎగిరిపోయేలా ఉన్నాడు. ఆ చేతులేనా అని మళ్ళీ మళ్ళీ చూశాను.

నాంచారయ్య కట్ట విప్పి మొదటి గుడ్డ దొర్లించాడు. పన్నెండు కమానులు. పన్నెండు చేపలు. పన్నెండు కళ్ళు ఖాదర్ సాయిబు గారి వైపే చూశాయి.

ఒక్కరూ మాట్లాడలేదు. చూశారా, ముగ్ధులైపోయారు అనుకున్నాను. ఊరుకుంటే బాగుండేది. ఊరుకున్నంత ఉత్తమం లేదని ఊరికే అన్నారా! నేను గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెట్టాను.

“సాయిబు గారూ, చేపంటే తక్కువ జీవి కాదండీ. మా దశావతారాల్లో మొదటిది మత్స్యావతారం. సాక్షాత్తూ విష్ణుమూర్తి! మీరు నమాజులో వంగినప్పుడల్లా...”

“మంచిది బాబూ, మంచిది” అన్నారు ఖాదర్ సాయిబు గారు గబగబా. పక్కనున్న కుర్రాళ్ళు ఏదో అనబోతే కళ్ళతోనే ఆపారు. వంగి గుడ్డని రెండు చేతులతో తడిమారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఇంత కష్టపడి చేయించారా నాంచారయ్యా! మీ పాలెంవాళ్ళ రుణం ఎలా తీర్చుకోవాలి?”

“మీరు మాకు రుణమేంటి సాయిబు గోరూ!” అన్నాడు నాంచారయ్య.

అందరూ కళ్ళు తుడుచుకున్నారు. మస్తానమ్మ మాత్రం గుడ్డ మీదకి వంగి, “ఇదేం చేపయ్యా, కాటుకెట్టుకుని రెప్పలార్పతంది? చేపకి రెప్పలుంటాయా?” అంది. కళాకారుణ్ణి మొదట అర్థం చేసుకోనిది ఆడవాళ్ళేనని సరిపెట్టుకుని తిరిగొచ్చేశాను.

మూడు వారాలు గడిచాయి. రసూలు మావయ్య గుడివాడ నుంచి వచ్చాడు. సరిగ్గా ఆ రోజే నాంచారయ్య మళ్ళీ గుమ్మంలో కనబడ్డాడు. ఈసారి ఒక్కడే. మొహం నల్లబడి ఉంది.

“ఆ గుడ్డల్లో ఏమన్నా దోసముందా బాబూ?” అన్నాడు.

“దోషమా! నా చేతి పనిలోనా?”

“మూడు శుక్కురారాలు చూశాం. సాయిబులు ఆ ఈతాకు చాపల మీదే నమాజు చేసుకుంటున్నారు. మా గుడ్డలు పరవలా. అడుగుదామంటే నోరు రాలా. పాలెంలో ఆడోళ్ళు ఏడుస్తున్నారు. మా చేతి నీచువాసన గుడ్డలకంటిందని పక్కన పెట్టారంటున్నారు.” ఆయన తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. “ఆ రోజు మమ్మల్ని లాగేటప్పుడు లేదా నీచువాసన? అప్పుడు అడ్డం రానిది ఇప్పుడెట్టా అడ్డమొచ్చిందయ్యా?”

నాకు రక్తం మరిగింది. “ఆ సాయిబు గారికి కళ తెలియదు! చూడండి మావయ్యా, ఎంత చక్కటి పనో!” అంటూ లోపలికి పరుగెత్తి నా అచ్చు తెచ్చి రసూలు మావయ్య చేతిలో పెట్టాను.

మావయ్య అచ్చు తిప్పి చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“ఇది దేని మీద వేశావు?”

“నమాజు గుడ్డల మీద.”

“ఎక్కడ?”

“నుదురు ఆనే చోట. మర్యాదగా.”

మావయ్య మెల్లగా వెళ్ళి రంగు బాన పక్కన పీట మీద కూర్చున్నాడు. “ఎన్ని?”

“నలభై ఎనిమిది.”

“యా అల్లా!” అచ్చుని ఒళ్ళో బోర్లించుకుని అన్నాడు: “ఒరేయ్ ప్రసాదూ. నమాజులో మా ఎదురుగా ప్రాణమున్న బొమ్మ ఉండకూడదురా. పిట్టైనా, మనిషైనా, చేపైనా. అల్లాకి తప్ప దేనికీ తల వంచం. నువ్వు నలభై ఎనిమిది మందిని చేపకి దణ్ణం పెట్టమన్నావు. అదీ రెప్పలున్న చేపకి!”

 మూడేళ్ళుగా నా చేతుల్లో తిరిగిన గుడ్డలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. లతలు, కమానులు, పువ్వులు. ఒక్క కన్ను లేదు. ఒక్క ముక్కు లేదు. కనబడుతూనే ఉంది, నేనే చూడలేదు.

“మరి ఖాదర్ సాయిబు గారు ఆ మాట చెప్పొచ్చుగా!” అన్నాను ఏడుపు గొంతుతో.

“ఎలా చెబుతాడ్రా? అంత ప్రేమగా తెచ్చినవాళ్ళతో పనికిరావని ఏ నోటితో అంటాడు? ఆయన చెప్పలేడు, వీళ్ళు అడగలేరు. మధ్యలో నువ్వొకడివి, అన్నీ తెలిసినవాడివి.”

నాంచారయ్య నోరు తెరుచుకుని వింటున్నాడు. “అంటే... నీచువాసన కాదా?”

“కాదయ్యా. చేప కన్ను.”

ఆ మనిషి భుజాల మీంచి బస్తా దించినట్టు కిందకి జారి కూర్చున్నాడు. “ఓరి నీ అమ్మ కడుపు కాలా!” అన్నాడు నా వైపు చూసి, కానీ నవ్వుతూ అన్నాడు.

తన్నులు తినడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మావయ్య కొట్టలేదు. పైగా, “సగం తప్పు నాది. మూడేళ్ళున్నావు నా దగ్గర. నేనూ చెప్పలేదు” అన్నాడు. తరవాత కాస్త గొంతు తగ్గించి, “కుర్రతనంలో నేనొక గుడికి వినాయకుడి తెర అద్దాను. తొండం ఎటు తిరగాలో ఎవర్నీ అడగలేదు. కుడివైపు తిప్పాను. ఆ పూజారి గారు నన్ను బాధపెట్టలేక నాలుగేళ్ళు ఆ తెరని పెట్టెలో దాచారు” అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. వెధవపని చేసినవాడికి, తనకంటే పెద్ద వెధవపని చేసిన పెద్దమనిషి ఎదురవడాన్ని మించిన ఊరట లేదు.

మర్నాడు ముగ్గురం బయల్దేరాం. మావయ్య ఒక కుండ నిండా నల్లరంగు, ఒక సంచీలో కరక్కాయ పొడి, ఇంకో సంచీలో అచ్చులు పట్టుకొచ్చాడు. మసీదు వసారాలో ఖాదర్ సాయిబు గారి ముందు నా తప్పు నేనే ఒప్పుకున్నాను. ఆయన లోపలికి వెళ్ళి ఒక పెట్టె తెచ్చి తెరిచారు. నాలుగు గుడ్డలూ చక్కగా మడిచి, మధ్య మధ్య అత్తరు చుక్కలేసి ఉన్నాయి. పైన కప్పింది ఆయన పెళ్ళినాటి శాలువా.

“పరవలేను, పారెయ్యలేను” అన్నారు. “రోజూ ఒకసారి తెరిచి చూసుకునేవాణ్ణి.”

నాంచారయ్య ఆ శాలువా ముట్టుకున్నాడు. “మేం నీచోళ్ళమని పక్కన పెట్టారనుకున్నాం సాయిబు గోరూ.”

ఖాదర్ సాయిబు గారు అదిరిపడ్డారు. “అంత మాట ఎలా అనుకున్నావయ్యా? ఆ రోజు నీ కొడుకుని పొద్దుపొడిచేదాకా నా ఒళ్ళోనే పెట్టుకున్నాను కదా. వాడి ఒంటి వాసన చూశానా నేను?”

“అనుకున్నాం. తప్పే.”

“నేను చెప్పకపోవడమూ తప్పే.”

ఇద్దరు పెద్దమనుషులు తప్పు నాదంటే నాదని పోటీపడుతుంటే, అసలు తప్పు చేసినవాణ్ణి నేను స్తంభం చాటున నిలబడ్డాను. ఈలోగా రసూలు మావయ్య గుడ్డ పరిచి పరీక్షగా చూస్తున్నాడు.

“ఖాదర్ భాయ్, తల లేకపోతే బొమ్మ కింద లెక్క కాదని, చెట్టుతో సమానమని మన పెద్దలు చెప్పేవారు కదా?”

“అవును.”

“అయితే తలలు తీసేస్తే?”

గుమ్మం బయట నుంచి మస్తానమ్మ గొంతు ఖంగుమంది. “చేపల తలలు తీయడమా? అది మాకు చెప్పాలా? పుట్టినకాణ్ణించీ చేసే పని అదేగా! కత్తిపీట తెమ్మంటారా?”

పాలెం ఆడవాళ్ళంతా పకాలుమన్నారు. సాయిబుల కుర్రాళ్ళు నవ్వారు. ఖాదర్ సాయిబు గారు గడ్డం పట్టుకుని నవ్వుతూనే ఉన్నారు. మూడు వారాలుగా ఆ ఊళ్ళో ఎవరూ అలా నవ్వలేదట.

ఆ తరవాత జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. గుడ్డల్ని రంగు పట్టడానికి కరక్కాయ నీళ్ళలో ముంచి ఎండలో ఆరేశారు. ఒక కొస పాలెం ఆడవాళ్ళు పట్టుకున్నారు, ఇంకో కొస సాయిబుల ఇళ్ళ ఆడవాళ్ళు. మావయ్య గుండ్రటి పువ్వు అచ్చు ఒకటి తీసి నల్లరంగులో ఒత్తి, మొదటి చేప తల మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు. అచ్చు ఎత్తాడు. తల లేదు. దాని చోట చూస్తుండగానే నల్లబడుతూ ఒక పువ్వు. కింద ఒళ్ళంతా ఆకైపోయింది. నేను గీసిన పొలుసులు ఆకు మీద గరుకులా కనబడ్డాయి. తోక రెండు చిగుళ్ళయింది. చేపని నీళ్ళలోంచి తీస్తే చచ్చిపోతుంది, మావయ్య దాన్ని గుడ్డ మీద మొలకెత్తించాడు. ఆ చేతులకి మొక్కాలనిపించింది. వాళ్ళు మనుషులకి తల వంచరు గనక, మొక్కొచ్చో లేదో తెలియక ఊరుకున్నాను.

“అందరూ రండి” అన్నాడు మావయ్య. పాలెం మగవాళ్ళు, సాయిబులు, పిల్లలు తలా ఒక చేప తల తీశారు. మస్తానమ్మ ఒక్కతే ఆరు తీసింది. నాలుగో గుడ్డ చివరి పక్క నాకు అప్పగించారు. మర్నాడు కాలవలో జాడించి ఆరేశాం.

శుక్రవారం మధ్యాహ్నం. “మీ చేత్తోనే పరవండి” అన్నారు ఖాదర్ సాయిబు గారు. నాంచారయ్య కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళి, నాలుగు గుడ్డలూ ముడత లేకుండా పరిచాడు. పాలెమంతా బయట వసారాలో కూర్చుంది. నేనూ కూర్చున్నాను. వరసలు కుదురుకుంటున్నాయి. పొరుగూరి మనిషినని రసూలు మావయ్య మొహమాటపడి, అందరికంటే చివర, గోడవారగా నిలబడ్డాడు.

ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. నేను నా వంతు చేపల తలలన్నీ తీశాను గానీ, ఒక్కదానికి చెయ్యి రాలేదు. గోడవార చివరి కమానులోది. నా అచ్చు ఎప్పుడూ అంత బాగా పడలేదు. పొలుసు పొలుసూ లెక్కపెట్టొచ్చు. గోడవారగా ఎవరు నిలబడతార్లే, ఒక్కటుంటే ఏం పోయింది అనుకున్నాను. జాడించేటప్పుడు ఆ కొస నేనే పట్టుకున్నాను, పరిచేటప్పుడు గోడవార చీకటిలో అది నాంచారయ్య కంటికి ఆనలేదు.

రసూలు మావయ్య సరిగ్గా ఆ కమానులోనే నిలబడ్డాడు. ఆయన దృష్టి ఎదురుగా గోడ మీద ఉంది. ఇంకో రెండు నిమిషాల్లో ఆయన నుదురు వెళ్ళి నా చేప కంటి మీద ఆనుతుంది.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. మూడు వారాలు ఊళ్ళో అందరూ నోరు మూసుకున్నందుకు ఏమైందో చూశాను కూడా.  ఖాదర్ సాయిబు గారు ముందుకొచ్చి నిలబడ్డారు. ఇంక ఆగలేక లేచి కేక పెట్టాను:

“మావయ్యా, ఆగండి! ఒకటి బతికే ఉంది!”

మసీదులో అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు.

“ఏమిటి బాబూ?” అన్నారు ఖాదర్ సాయిబు గారు.

“చేపండీ. మావయ్య కాళ్ళ ముందు. దాని తల నేనే తీయలేదండీ. బాగా వచ్చిందనీ...”

మావయ్య కిందికి చూశాడు. నా వైపు చూశాడు. భుజం మీద రుమాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, చేప మీద కప్పాడు. “ముందు నమాజు. తరవాత దీని సంగతి. ఆ తరవాత నీ సంగతి” అన్నాడు.

ఖాదర్ సాయిబు గారు నవ్వు బిగబట్టి, “ఇంకేమైనా బతికున్నాయా బాబూ? ఉంటే ఇప్పుడే చెప్పు” అన్నారు.

“లేవండీ” అన్నాను. నమాజు మొదలైంది.

అంతకుముందు బందరులో రోడ్డు మీంచి వెళ్తూ ఎన్నోసార్లు నమాజు చూశాను. చూశాననుకున్నాను. ఆ రోజే చూశాను. అంతమంది ఒక్క మనిషిలా వంగి, ఒక్క మనిషిలా మోకాళ్ళ మీదకి దిగి, నుదుళ్ళు గుడ్డకి ఆనించారు. చప్పుడంటే గుడ్డ సర్దుకున్న చప్పుడొక్కటే. ఆ తరవాత అదీ లేదు. దూరంగా సముద్రం వినబడింది. అదే సముద్రం.  ఇంతమంది పక్కన పుట్టి పెరిగి, ఇంత పెద్ద సంగతిని నేను సేమ్యా గిన్నెలోంచి మాత్రమే చూశాను గదా అని సిగ్గేసింది, సంతోషమేసింది, రెండూ కలిపి ఏడుపొచ్చింది. పక్కన నాంచారయ్య చేతులు కట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

“మళ్ళీ ఆళ్ళ గుడ్డ ఆళ్ళకి చేరింది” అన్నాడు మెల్లగా.

నమాజయ్యాక అందరూ నా చుట్టూ చేరారు. మావయ్య పువ్వు అచ్చు నా చేతిలో పెట్టాడు. నా చేత్తో నేనే ఆ చేప తల తీశాను. మస్తానమ్మ పక్కన నిలబడి, “గట్టిగా గుద్దు, మరీ మెత్తగా గుద్దితే మళ్ళీ బతుకుద్ది” అని హెచ్చరించింది.

“ఇక ఒట్టు వెయ్యి” అన్నాడు నాంచారయ్య. “ఇట్టాంటి పని మళ్ళీ చెయ్యనని.”

మహాగంభీరంగా నిటారుగా నిలబడ్డాను. ఎడం చేతిలో అచ్చు పట్టుకున్నాను. కుడి చెయ్యి పైకెత్తాను. దేని మీద వెయ్యాలి? దేవుడి పటం మీదా? ఇక్కడ పటాలుండవు. దీపం మీదా? దీపమూ లేదు. మావయ్య తల మీదా? అది తప్పేమో. చెయ్యి గాల్లో అలాగే ఆగిపోయింది. ఖాదర్ సాయిబు గారి వైపు తిరిగాను.

“సాయిబు గారూ, మీలో ఒట్టు ఎలా వేస్తారండీ?”

 రసూలు మావయ్య రెండు చేతులూ పైకెత్తి, మసీదు అదిరిపోయేలా అరిచాడు:

“అడిగాడ్రోయ్! మావాడు అడిగాడు!”

సాయిబులు, పాలెంవాళ్ళు అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లలు ఎందుకో తెలియకపోయినా గంతులేశారు. ఖాదర్ సాయిబు గారు నా ఎత్తిన చెయ్యి పట్టుకుని మెల్లగా కిందకి దించి, “ఇంక ఒట్టెందుకు నాయనా, భోజనానికి పద” అన్నారు.

అందుకని ఆ రోజు ఆగిపోయిన ఒట్టు ఇవాళ మీ అందరి ముందూ వేస్తున్నాను. ఎవరి దేవుడి ముందు పరిచే గుడ్డైనా సరే, ముందుగా వాళ్ళని అడక్కుండా నేను దాని మీద గీత గీయను, చుక్క పెట్టను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అది చాలా చిన్న నష్టం. అడగనివాడు పెట్టేవి చూశాను, నలభై ఎనిమిది.